ఒక్క ఆపరేషన్, మూడు లెక్కలు: బరువు తగ్గించే సర్జరీ ఖర్చు వెనకున్న చరిత్ర

ఈరోజు టాపిక్ గురించి ఇంట్లో గట్టిగా ఎవరూ మాట్లాడుకోరు. మాట్లాడినా నవ్వేసి వదిలేస్తారు. బరువు తగ్గడానికి చేసే ఆపరేషన్, అంటే బేరియాట్రిక్ సర్జరీ. దానికి ఎలా సిద్ధపడాలి, డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది అన్నది ఈ ఎపిసోడ్. మనది చరిత్ర చెప్పే చోటు కదా, ఆసుపత్రి బిల్లుకీ చరిత్రకీ ఏటి సంబంధం అంటారా? ఉంది. చివరిదాకా వినండి.

ఒక ఇల్లు ఊహించుకుందాం. శ్రీకాకుళం పక్కన ఒక ఊరు. అమ్మ వయసు 45. ఎత్తు 160 సెంటీమీటర్లు, బరువు 95 కేజీలు. షుగర్ ఉంది, మాత్రలతో అదుపులో ఉంది. మోకాళ్ల నొప్పి వల్ల మెట్లెక్కలేదు. విశాఖలో డాక్టర్ గారు చూసి, "ఆపరేషన్ చేస్తే మేలమ్మా" అన్నారు. కొడుకు ఉద్యోగం చేస్తున్నాడు, పాలసీ ఉంది. కానీ ఇన్సూరెన్స్ వాళ్లు "కుదరదు" అన్నారు. సరే, కార్డు ఉంది కదా అని ఆరోగ్య మిత్ర దగ్గరకెళ్తే, "ఆపరేషన్ పేరు లిస్టులో ఉందో లేదో చూడాలి బాబూ" అన్నారు.

ముగ్గురూ మూడు మాటలు చెప్పారు. ఇందులో అబద్ధం చెప్పింది ఎవరు? ఎవరూ కాదు. ముగ్గురి దగ్గరా మూడు వేర్వేరు లెక్కలున్నాయి. ఆ లెక్కలు మూడు వేర్వేరు కాలాల్లో, మూడు వేర్వేరు చోట్ల పుట్టాయి. అవి ఎలా పుట్టాయో తెలియకుండా ఆసుపత్రిలో చేరిపోతే, మధ్యలో పడే గొయ్యి మన అప్పే.

ముందు మన నేల సంగతి. ఉత్తరాంధ్ర జ్ఞాపకంలో ఉన్నది లావు కాదు, ఆకలి. 1866లో ఒరిస్సాని ఊపేసిన కరువు అప్పటి గంజాం జిల్లాని కూడా తాకింది. ఇప్పుడు మనం ఇచ్ఛాపురం, సోంపేట వైపు అంటున్న ప్రాంతం అప్పట్లో ఆ జిల్లాలోదే. ఆ తర్వాత దశాబ్దాల పాటు గంజాం, విశాఖపట్నం జిల్లాల నుంచి వేలాది మంది ఓడలెక్కి బర్మాకి కూలికెళ్లారు. ఇంట్లో చోడి అంబలి, గంటెల అన్నం. వరి అన్నం పండగకి. అలాంటి చోట ఒళ్లు నిండుగా ఉన్న మనిషిని చూస్తే "కలిగిన ఇల్లు" అనుకునేవారు. వీరఘట్టంలో పుట్టిన కోడి రామ్మూర్తి నాయుడు గారిని కలియుగ భీముడు అని పిలుచుకున్నది ఈ నేలే. ఆయనది లావు కాదు, బలం. కానీ పెద్ద శరీరానికి మనవాళ్లు ఎంత గౌరవం ఇచ్చేవారో అందులో తెలుస్తుంది.

1983లో ఎన్టీ రామారావు గారి ప్రభుత్వం 2 రూపాయలకు కిలో బియ్యం ఇచ్చింది. ఆకలి మీద అది పెద్ద దెబ్బ, అందులో సందేహం లేదు. అదే సమయంలో చోళ్లు, గంటెలు పళ్లెంలోంచి మెల్లగా జరిగిపోయాయి. తెల్ల అన్నం మూడు పూటలా వచ్చింది. తర్వాత బండి వచ్చింది, నడక తగ్గింది. నూనె వచ్చింది, బేకరీ వచ్చింది, ఫోన్ వచ్చింది. 2019-21లో చేసిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో మూడో వంతుకు పైగా మహిళలు ఉండాల్సిన దానికంటే ఎక్కువ బరువున్నారు. ఒకే ఇంట్లో నాయనమ్మకి ఆకలి గుర్తు, మనవరాలికి షుగర్ చీటీ. రెండు తరాల్లో ఇంత మార్పు వచ్చిందంటే, దీన్ని ఒక మనిషి బద్ధకం అని కొట్టిపారేయలేం. "తిండి తగ్గిస్తే సరిపోదా?" అనే వాళ్లకి ఇదే జవాబు.

ఇప్పుడు మొదటి లెక్క, డాక్టర్ల లెక్క. బరువు తగ్గించడానికి పేగుని దారి మళ్లించే ఆపరేషన్ గురించి అమెరికాలో మిన్నెసోటా డాక్టర్లు 1954లో రాశారు. తిన్నది ఒంటికి పట్టకుండా చిన్నపేగులో చాలా భాగాన్ని పక్కన పెట్టేవారు. బరువు తగ్గేది. కానీ ఆగని విరేచనాలు, కిడ్నీ రాళ్లు, కాలేయం దెబ్బతినడం మొదలయ్యాయి. చివరికి ఆ పద్ధతిని వదిలేశారు. 1966లో అయోవా యూనివర్సిటీలో ఎడ్వర్డ్ మేసన్ అనే సర్జన్ ఇంకో దారి పట్టారు. అల్సర్ కోసం పొట్టలో కొంత భాగం తీసేసిన వాళ్లు మళ్లీ బరువు పెరగలేకపోవడం ఆయన గమనించారు. అలా గ్యాస్ట్రిక్ బైపాస్ వచ్చింది. తర్వాత 1990ల్లో చిన్న రంధ్రాలతో చేసే ల్యాప్రోస్కోపీ పద్ధతి, ఆ పైన పొట్టని అరటికాయలా సన్నగా కత్తిరించే స్లీవ్ పద్ధతి వచ్చాయి. ఇప్పుడు మన దగ్గర ఎక్కువగా వినబడేది ఈ స్లీవే.

మరి ఈ ఆపరేషన్ ఎవరికి చెయ్యాలి? దానికి వాడే కొలత బీఎంఐ. బరువుని కేజీల్లో తీసుకుని, ఎత్తుని మీటర్లలో రెండుసార్లు పెట్టి భాగించాలి. మనం ఊహించుకున్న అమ్మకి 95ని 1.6తో ఒకసారి, మళ్లీ 1.6తో ఇంకోసారి భాగిస్తే 37.1. ఫోన్‌లో క్యాలిక్యులేటర్ తీసి మీ ఇంట్లో వాళ్లకి కూడా ఇప్పుడే లెక్క వేయండి.

1991లో అమెరికాలోని జాతీయ ఆరోగ్య సంస్థ నిపుణుల్ని కూర్చోబెట్టి ఒక గీత గీయించింది. బీఎంఐ 40 దాటితే ఆపరేషన్ ఆలోచించవచ్చు, తీవ్రమైన జబ్బులు కూడా ఉంటే 35 నుంచి ఆలోచించవచ్చు అని. ఆ గీత గీసింది అమెరికా శరీరాల్ని చూసి. మన శరీరం తీరు వేరు. మనకి తక్కువ బరువు దగ్గరే పొట్ట చుట్టూ కొవ్వు చేరుతుంది, షుగర్ ముందే వస్తుంది. అందుకే 2009లో మన దేశ డాక్టర్లు కూర్చుని భారతీయులకి వేరే గీత గీశారు. జబ్బు లేకపోతే 37.5, జబ్బు ఉంటే 32.5. ఇంకా వినండి. 2022లో అమెరికా, అంతర్జాతీయ సర్జన్ల సంఘాలే ఆ పాత 1991 గీతని వదిలేశాయి. జబ్బు ఉన్నా లేకపోయినా 35, ఆసియా వాళ్లకయితే 27.5 నుంచే ఆలోచించవచ్చు అన్నాయి. ఆలోచించవచ్చు అంటే చేసి తీరాలని కాదు, అది గుర్తుంచుకోండి.

కాబట్టి మన అమ్మకి 37.1, పైగా షుగర్ ఉంది. డాక్టర్ గారు "మేలు" అనడం సబబే.

రెండో లెక్క, ఇన్సూరెన్స్ వాళ్లది. చాలాకాలం మన దేశంలో ఆరోగ్య పాలసీలు బరువు ఆపరేషన్‌ని అందం కోసం చేయించుకునేదాని కింద చూసి పక్కన పెట్టేవి. 2019లో బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ పాలసీల్లో మినహాయింపులన్నింటికీ ఒకే భాష ఉండాలని నిర్ణయించింది. మీ పాలసీ కాగితం తీస్తే ఎక్స్‌క్లూజన్స్ భాగంలో నంబర్ 06 దగ్గర ఒబేసిటీ, వెయిట్ కంట్రోల్ అని కనబడుతుంది. అక్కడ నాలుగు షరతులుంటాయి. డాక్టర్ సలహా ఉండాలి. వైద్య ప్రమాణాల ప్రకారం జరగాలి. వయసు 18 నిండాలి. బీఎంఐ 40 గానీ అంతకు పైన గానీ ఉండాలి, లేదా 35 గానీ అంతకు పైన గానీ ఉండి, మామూలు పద్ధతులన్నీ విఫలమై, నాలుగు తీవ్రమైన జబ్బుల్లో ఒకటి ఉండాలి. ఆ నాలుగు ఏవంటే, ఊబకాయం వల్ల గుండె కండరం దెబ్బతినడం, గుండె రక్తనాళాల జబ్బు, తీవ్రమైన స్లీప్ ఆప్నియా అంటే నిద్రలో ఊపిరి ఆగిపోవడం, అదుపులో లేని టైప్ 2 షుగర్.

40, 35. ఈ అంకెలు ఎక్కడో విన్నట్టుంది కదా? 1991 నాటి గీతే. గీసినవాళ్ల దేశంలో సర్జన్లే వదిలేసిన గీత మన పాలసీ కాగితంలో ఇంకా బతికుంది. మన అమ్మకి షుగర్ ఉంది, కానీ అదుపులో ఉంది. స్లీప్ ఆప్నియా పరీక్ష ఎవరూ చేయించలేదు. మోకాళ్ల నొప్పి ఆ నాలుగింటిలో లేదు. అందుకే "కుదరదు" అన్నారు.

ఇక్కడ ఒక హెచ్చరిక. 160 సెంటీమీటర్ల మనిషికి బీఎంఐ 40 రావాలంటే 102 కేజీలు దాటాలి. "ఇంకో 8 కేజీలు పెరిగితే క్లెయిమ్ వచ్చేస్తుంది కదా" అనే ఆలోచన కొందరికి వస్తుంది. వద్దు. ఆపరేషన్ ముందు బరువు పెరిగితే కాలేయం ఇంకా ఉబ్బుతుంది, మత్తు ఇవ్వడం కష్టమవుతుంది, ప్రమాదం పెరుగుతుంది. బరువు కాగితం మీద మార్చి రాయించుకోవడం అయితే మోసం కిందకే వస్తుంది, ఉన్న పాలసీ కూడా పోతుంది.

మూడో లెక్క, ప్రభుత్వానిది. ఇక్కడే మన జిల్లాకి చరిత్రలో చోటుంది. పెద్ద ఆపరేషన్ అంటే ఒకప్పుడు ఉత్తరాంధ్రకి విశాఖ కేజీహెచ్, 1923లో మొదలైన ఆసుపత్రి. అక్కడ కుదరకపోతే ప్రైవేటు. ప్రైవేటు అంటే పొలం కాగితమో, పుస్తెలో తాకట్టు. లేదా ఎమ్మెల్యే గారి సిఫారసుతో ముఖ్యమంత్రి సహాయ నిధికి అర్జీ. 2007 ఏప్రిల్ 1న రాజశేఖర రెడ్డి గారి ప్రభుత్వం ఆరోగ్యశ్రీ మొదలుపెట్టింది. రాష్ట్రం మొత్తం ఒకేసారి కాదు, ముందు మూడు జిల్లాల్లో పరీక్షగా. అనంతపురం, మహబూబ్‌నగర్, శ్రీకాకుళం. అవును, మన శ్రీకాకుళం. తెల్ల కార్డు ఉన్న కుటుంబానికి ఏడాదికి 2 లక్షల దాకా, జేబులోంచి తీయకుండా వైద్యం. తర్వాతి ఏడాది, 2008లో, రాష్ట్రమంతా పాకింది.

ఆ పథకం ఎందుకు పుట్టిందో చూడండి. గుండె ఆపరేషన్, క్యాన్సర్, కిడ్నీ, మెదడు, కాలిన గాయాలు, యాక్సిడెంట్లు. ఇవాళ చెయ్యకపోతే మనిషి పోతాడు అనే జబ్బుల కోసం. అందుకే అది ఒక లిస్టు రూపంలో పుట్టింది. పేరు మారుతూ వచ్చింది, ఎన్టీఆర్ వైద్య సేవ అన్నారు, వైఎస్సార్ ఆరోగ్యశ్రీ అన్నారు, 2024లో మళ్లీ ఎన్టీఆర్ వైద్య సేవ అయింది. 2023 డిసెంబర్‌లో పరిమితి 25 లక్షలు అన్నారు. కానీ లోపలి ఎముక మాత్రం అదే, లిస్టు. పరిమితి ఎంత పెద్దదైనా, లిస్టులో ఆ ప్యాకేజీ ఉండాలి, ఆ ఆసుపత్రికి దానికి అనుమతి ఉండాలి. "25 లక్షల కార్డు ఉంది" అన్న ధైర్యంతో చేరిపోయి, డిశ్చార్జ్ రోజున బిల్లు చూసి కూలబడిపోకూడదు. అందుకే ఆరోగ్య మిత్రని అడిగేటప్పుడు "బరువు ఆపరేషన్ ఉందా" అని కాదు, డాక్టర్ రాసిన ఆపరేషన్ పూర్తి పేరు చూపించి, ఈ ఆసుపత్రిలో, ఈ పేరుతో ఉందా అని అడగండి.

సరే, చరిత్ర అయింది. ఇప్పుడు దాన్ని వాడుకుందాం.

ఆ కొడుకు ఏం చెయ్యాలి? మొదట, తిరస్కరణ నోటిమాటగా కాదు, కాగితం మీద తీసుకోవాలి. ఏ షరతు కింద కాదన్నారో అందులో ఉండాలి. రెండు, అమ్మ రాత్రి గట్టిగా గురక పెడుతూ, మధ్యలో ఊపిరి ఆగినట్టయి ఉలిక్కిపడి లేస్తుంటే, డాక్టర్ గారికి చెప్పి స్లీప్ స్టడీ చేయించాలి. ఇది క్లెయిమ్ కోసం ఆడే నాటకం కాదు. ఆ జబ్బు నిజంగా ఉంటే మత్తు డాక్టర్ గారికి ముందే తెలియడం ప్రాణానికి సంబంధించిన విషయం. మూడు, మామూలు పద్ధతులు విఫలమయ్యాయని చూపే పాత చీటీలు. డైటీషియన్ దగ్గరకెళ్లిన కాగితం, నెలనెలా బరువు, వాడిన మందులు. వీటిని మనం పారేస్తుంటాం. ఫోన్‌లో ఒక ఫోల్డర్ పెట్టి తేదీతో ఫోటో తీసి దాచండి. నాలుగు, అన్నీ ఉండి కూడా కాదంటే కంపెనీ గ్రీవెన్స్ విభాగానికి, అక్కడా కాకపోతే హైదరాబాద్‌లోని ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్‌కి రాయొచ్చు. దానికి ఫీజు లేదు, లాయర్ అక్కర్లేదు. ఐదు, కొత్తగా పాలసీ తీసుకునేవాళ్లు బరువు, షుగర్ దాచొద్దు. ముందే ఉన్న జబ్బులకి మూడేళ్ల దాకా వేచి ఉండాల్సి రావచ్చు. దాచితే మాత్రం ఆ మూడేళ్లు కట్టిన డబ్బూ వృథా కావచ్చు.

ఇక సొంతంగా పెట్టుకోవాల్సి వస్తే, ఖర్చు లక్షల్లోనే. అందులో ఒక్కసారి వాడి పారేసే స్టేప్లర్ సామాన్లది పెద్ద వాటా. కాబట్టి "ప్యాకేజీ ఎంత" అని ఆగకుండా, స్టేప్లర్లు కలిపారా, ఐసీయూ కలిపారా, లీకేజీ గానీ రక్తస్రావం గానీ అయి మళ్లీ థియేటర్‌కి తీసుకెళ్తే ఎవరు భరిస్తారు అని అడిగి రాయించుకోండి. వడ్డీ లెక్క కూడా వేయండి. 3 లక్షలు నూటికి 2 రూపాయల వడ్డీకి తెస్తే నెలకి 6 వేలు, ఏడాదికి 72 వేలు, అసలు అలాగే ఉంటుంది. ఆపరేషన్ తర్వాత జీవితాంతం విటమిన్ మాత్రలు, ప్రొటీన్, రక్త పరీక్షలు, విశాఖకి రానూపోనూ ఛార్జీలు ఉంటాయి. వడ్డీకే జీతం పోతే మాత్రలు ఆపేస్తారు. మాత్రలు ఆపితే రక్తహీనత, నరాల తిమ్మిర్లు. అందుకే ఆపరేషన్ డబ్బు పక్కన, తర్వాతి రెండేళ్ల మాత్రల డబ్బు కూడా లెక్కలో ఉంటేనే సిద్ధంగా ఉన్నట్టు.

ఒంటిని సిద్ధం చెయ్యడం ఇంకో సంగతి. ఎండోస్కోపీ, గుండె పరీక్షలు, థైరాయిడ్, మూడు నెలల షుగర్ సగటు, బి12, ఐరన్ చూస్తారు. ఉద్దానం వైపు వాళ్లు, కవిటి, సోంపేట, కంచిలి, మందస, పలాస, వజ్రపుకొత్తూరు, మీరు క్రియాటినిన్ పరీక్ష సంగతి మీ అంతట మీరే అడగండి. ఏ లక్షణం లేకుండా కిడ్నీ తగ్గిపోయే జబ్బు మన దగ్గర ఉంది. ఆపరేషన్ తర్వాత నీళ్లు సరిగ్గా తాగలేని రోజులుంటాయి, అది కిడ్నీకి పరీక్ష. నొప్పి మాత్రలు మెడికల్ షాపులో అడిగి వేసుకునే అలవాటు పూర్తిగా మానాలి. అవి కిడ్నీకీ చెడ్డవి, కుట్టిన పొట్టకీ చెడ్డవి. సిగరెట్, చుట్ట, మన ఊళ్లలో పెద్దమ్మలు తాగే అడ్డపొగ, ఏదైనా సరే వారాల ముందే ఆపాలి. కుట్లు మానడానికి పొగ శత్రువు. ఆపరేషన్‌కి రెండు వారాల ముందు చాలాచోట్ల తక్కువ కేలరీల ఆహారం పెడతారు, కాలేయం చిన్నదవ్వడానికి. తర్వాత కొన్నాళ్లు ద్రవాలు, ఆ పైన మెత్తటివి, ఆ తర్వాతే మామూలు తిండి. పళ్లెంలో ముందు గుడ్డు, చేప, పప్పు, చివర్లో అన్నం. అమ్మాయిలూ, ఆపరేషన్ తర్వాత 12 నుంచి 18 నెలల దాకా గర్భం వాయిదా వేయమంటారు. పెళ్లి సంబంధాలు చూస్తున్న ఇళ్లల్లో ఈ మాట ముందే అనుకోవాలి.

ఇంకొక్క మాట. నటి ఆర్తీ అగర్వాల్ గారు 2015 జూన్‌లో 31 ఏళ్లకే అమెరికాలో చనిపోయారు. అంతకు కొన్ని వారాల ముందు లైపోసక్షన్ చేయించుకున్నారని అప్పట్లో వార్తలొచ్చాయి. ఆ వార్త చూసి ఇప్పటికీ చాలామంది రెండింటినీ కలిపేస్తారు. లైపోసక్షన్ అంటే చర్మం కింది కొవ్వు లాగేయడం. అది ఊబకాయానికి వైద్యం కాదు, షుగర్‌ని తగ్గించదు. బేరియాట్రిక్ అంటే పొట్ట, పేగుల మీద చేసేది. రెండింటికీ ప్రమాదాలున్నాయి, కానీ రెండూ ఒకటి కాదు. "వారంలో స్లిమ్" అని ఫోన్‌లో కనబడే ప్రకటన ఏది అమ్ముతోందో ముందు అడగండి.

చివరిగా. ఆకలిని దాటొచ్చిన నేల మనది. జేబులోంచి తీయకుండా పెద్ద వైద్యం అనే ప్రయోగం మొదలైన మూడు జిల్లాల్లో మనదొకటి. ఆ రెండూ మనకి రావడానికి ఎవరో ఒకరు లెక్క మార్చాల్సి వచ్చింది. బరువు ఆపరేషన్ లెక్క కూడా ఏదో ఒక రోజు మారుతుంది, 1991 గీత కాగితాల్లోంచి పోతుంది. అప్పటిదాకా అమ్మని తీసుకుని బస్సెక్కే ముందు మూడు లెక్కలూ చేతిలో పెట్టుకోండి. డాక్టర్ గారి అంకె, పాలసీలో నంబర్ 06, పథకం లిస్టులో ఆ ఆపరేషన్ పేరు. మూడూ కలిస్తే ధైర్యంగా వెళ్లండి. కలవకపోతే ఆగి అడగండి. అడగడానికి సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

ఇంట్లో ఎవరికైనా పనికొస్తుందనిపిస్తే ఈ ఎపిసోడ్ వాళ్లకి పంపండి. నవ్వకుండా పంపండి.